అమ్మాయిలో వాటా

ఆ హాల్లో కూర్చున్న ప్రతివాళ్ళకీ ఆ అమ్మాయిలో ఎంతో కొంత వాటా ఉంది.

తల్లి ఎవరి మొహమూ చూడలేక వెనక వరసలో గోడవారగా కూర్చుంది. ఏటా ఈ సమావేశానికి రావాలంటే ఆమెకు తల కొట్టేసినట్టుండేది. కంపెనీల్లో వాటాలు కొన్నట్టే మనుషుల్లోనూ వాటాలు కొనడం మొదలైన రోజులవి. భర్త పోయాడు. పిల్ల చదువు మధ్యలో ఆగిపోయేలా ఉంది. గత్యంతరం లేక సంతకం పెట్టింది తనే. పిల్ల ఫోటో, మార్కులు ఊరందరి ఫోన్లలోకి ఎక్కాయి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు డబ్బు పెట్టి చదివించారు. ఇప్పుడు పిల్ల జీతంలోంచి వాళ్ళ భాగం వాళ్ళకి నెలనెలా వెళుతోంది. కన్నందుకు మర్యాదగా తల్లికి కూడా ఒక వాటా ఊరికే ఇచ్చారు.

ఒప్పందంలో ఒక్కటే పీటముడి. పిల్ల వృత్తి మారాలంటే వాటాదారులందరూ సరేననాలి. ఒక్కరు కాదన్నా కుదరదు.

ఇవాళ అమ్మాయి వృత్తి మారతానంటోంది.

ముందు నిలబడి, తప్పు చేసినదానిలా చేతులు కట్టుకుని చెప్పింది. బీమా కంపెనీలో ఆమెది పెద్ద ఉద్యోగం. ఎవరి దరఖాస్తు తోసెయ్యాలో యంత్రానికి నేర్పాలి. ఆ యంత్రం తోసేసినవాళ్ళ పేర్లు చూస్తే అన్నం సహించడం లేదంది. ఆదివారాలు నది ఒడ్డున పడవల షెడ్డులో చెక్కకి చిత్రిక పడుతూ కూర్చుంటే మాత్రం పొద్దు వాలిందే తెలియదంది. దూరాన ఒక రేవులో ముసలి మేస్త్రి ఒకాయన పడవ కట్టడం మొదటినుంచీ నేర్పుతానన్నాడట. అమ్మని ఇక్కడ వదిలి అక్కడే ఉండిపోవాలి. రాబడి తగ్గుతుంది, కానీ ఎవరి భాగం వాళ్ళకి పంపుతూనే ఉంటానంది.

టైలరమ్మ లేచింది. ఈ పిల్లని మొదట కొన్నవాళ్ళలో ఆమె ఒకతె.

“నిన్ను కొన్నప్పుడు రెండు జడల పిల్లవి. ఈ కళ్ళలో చురుకుంది, పైకొస్తుందని మా ఆయనతో పోట్లాడి మరీ కొన్నాను. లోకమంతా గాల్లో ఎగురుతుంటే నువ్వు నీళ్ళలోకి దిగుతానంటావేమ్మా?”

“మునిగితే నేనే మునుగుతాను పిన్నిగారూ. తేలితే మొదట మిమ్మల్నే ఎక్కించుకుంటాను.”

హాలు నవ్వింది. టైలరమ్మ కూడా నవ్వి, నీ ఇష్టం తల్లీ అంటూ కూర్చుంది. ఆ తర్వాత ఒకరొకరుగా మెత్తబడ్డారు. రిటైరైన లెక్కల మాస్టారు తను వీణ నేర్చుకోలేకపోయిన సంగతి చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

మిగిలింది మీసాలాయన. పాత ఇనుము వ్యాపారి. అందరికంటే ఎక్కువ వాటా ఆయనదే. జీతం ఎందుకు పెరగలేదు, సెలవులెందుకు ఎక్కువయ్యాయి అని ప్రతి ఏడూ పిల్లని నిలబెట్టి కడిగేసేవాడు. ఇవాళ ఆలస్యంగా వచ్చి, ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీలో, తల్లి పక్కన కూర్చున్నాడు. ఆమె బిగుసుకుపోయింది.

“చేతులు చూపించు,” అన్నాడాయన.

అమ్మాయి దగ్గరికొచ్చి అరచేతులు చాపింది. వేళ్ళ మొదట్లో కాయలు కాశాయి. గోరు ఒకటి నల్లబడింది. సంతలో పశువు పళ్ళు చూసినట్టు చూస్తున్నాడనిపించి తల్లి తల దించేసుకుంది.

“ఇవి ఉద్యోగం చేసే చేతులు కావు,” అని ఊరుకున్నాడు. అది తిట్టో మెప్పో ఎవరికీ అర్థం కాలేదు.

వాటాలమ్మిన కంపెనీ తరఫున సమావేశం నడుపుతున్నావిడ ఇక ఫోన్లు తియ్యమంది. సరేనంటే పచ్చ గుర్తు, కాదంటే ఎర్ర గుర్తు. ఎవరు ఏది నొక్కారో ఎవరికీ తెలియదు. అందరూ ఫోన్ల మీదికి వంగారు. తల్లి కూడా కళ్ళజోడు సర్దుకుని వంగింది. ముందురోజు సాయంత్రం అమ్మాయి పెట్టె సర్దుకుంటూ, వెళ్ళనా అమ్మా అని అడిగితే, నీ సంతోషం కంటే నాకేం కావాలే అని తనే చీరలు మడత విప్పి పడవ మీద చలికి పనికొస్తాయని అందించింది.

ఎదురుగా ఉన్న పెద్ద తెర మీద పచ్చ చుక్కలు ఒక్కొక్కటే వెలిగాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అన్నిటి చివర ఒక ఎర్ర చుక్క వెలిగింది.

హాల్లో ఉన్న తలలన్నీ వెనక్కి, మీసాలాయన వైపు తిరిగాయి. అమ్మాయి మేనమామ ఉండబట్టలేక లేచాడు.

“పెద్దమనిషివి. ఇన్నేళ్ళు పిల్ల కష్టం తిన్నది చాలలేదా నీకు? నీ కడుపున ఆడపిల్ల పుట్టుంటే తెలిసేది.”

చేతులు చూపించమన్నప్పుడే అనుకున్నానని టైలరమ్మ అందుకుంది. ఇనుము అమ్మి అమ్మి గుండె కూడా ఇనుమైపోయిందని మాస్టారు అన్నాడు. మీసాలాయన ఏదో అనబోయి ఆగాడు.

“వ్యాపారం వ్యాపారమేనయ్యా,” అన్నాడు చివరికి.

అమ్మాయి వచ్చి కింద కూర్చుని తల్లి ఒళ్ళో మొహం దాచుకుంది. జుట్టులో రంపపుపొట్టు వాసన. ఏడుస్తుందేమో అనుకున్నారు గానీ ఏడవలేదు. తలెత్తి, తల్లి చెంపలు తనే తుడిచింది.

“పోనీలే అమ్మా. నువ్వెందుకు అంత సిగ్గుపడిపోతావు? ఇందులో నీ తప్పేముంది?”

తల్లి కూతురి చేతిని, ఆ కాయలు కాసిన చేతిని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

మీసాలాయన లేచి, వెనకనించి తిట్లు వస్తుండగానే తల వంచుకుని బయటికి నడిచాడు. తల్లి వేలు వెళ్ళి ఎర్ర గుర్తు నొక్కడం చూసింది పక్క కుర్చీలో ఉన్న ఆయనొక్కడే.