గిటార్‌కు ఊపిరెందుకు?

భూపాల్ కొన్నది మిడి గిటార్ అట. తీగ మీటితే కంప్యూటర్‌లో ఏ వాద్యం కావాలంటే అది మోగుతుంది. గోదావరిఖని ఆర్కెస్ట్రాలో ముప్పయ్యేళ్లు నా పక్కన కూర్చుని, తన గిటార్ శ్రుతి కూడా నన్నడిగి సరిచేసుకున్న మనిషి. మేం వాయించిన తెలంగాణ పాటను ఇప్పుడు సీడీకి రికార్డు చేస్తూ, నా ఫ్లూటు కూడా తానే వాయించాడని తెలిసి, దులిపేద్దామని స్టూడియోకు వెళ్లాను.

"వెదురు ముక్క ముట్టనోడివి, ఫ్లూటు వాయించినవా? రేపు తీగ గిల్లి డప్పు గూడ కొడ్తవు."

"అది గూడ కొట్టిన, బుచ్చన్నా. ముందుగాల ఇది విను."

విన్నాను. ప్లాస్టిక్ పువ్వులా ఉంది. పైగా రెండో చరణంలో, పదం సగంలో ఫ్లూటు ఆగిపోయి మళ్లీ అందుకుంది.

"గిటార్‌కు ఊపిరెందుకురా? తీగకు గూడ ఆయాసమా? అక్కడెందుకు ఆగినవు?"

"అక్కడ నువ్వు ఆగుతవు గదన్నా."

గనిలో పీల్చిన బొగ్గు దుమ్ము ఛాతీలో చేరాక, చివరి రెండేళ్లు ఆ పదాన్ని నేను ఒక్క ఊపిరితో దాటలేకపోయాను. ఎవరూ గమనించలేదనుకున్నాను. ఫ్లూటు మానేసింది అందుకేనని ఎవరికీ చెప్పలేదు.

"ఎక్కిరిస్తున్నవా?"

"లేదన్నా. ఆగకుండ వాయించి చూసిన. మన పాట లెక్క లేదు."

ఆ చరణం మళ్లీ పెట్టించుకుని విన్నాను.

"ఆగుడు గూడ సక్కగ రాదు నీకు. నాకు ఇంకింత సేపు పడ్తది. మళ్ల వాయించు," అన్నాను, కుర్చీ లాక్కుంటూ.