గుటక

గ్లాసు ఎత్తే ముందు ఫర్కర్ తలుపు దగ్గరి కుర్చీ వైపు చూశాడు. అందులో అతని భార్య ఎల్స్‌పెత్ కూర్చుని ఉంది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది. చూపు గ్లాసు మీద ఉంది.

"పర్మిషన్ ఇచ్చిందా?" అన్నాడు లోగన్. అబర్డీన్ నుంచి ఏటా వస్తాడు. విస్కీ రుచి చూడటానికి గిడ్డంగికి వచ్చిన మిగతా అతిథులు నవ్వారు. ఫర్కర్ కూడా నవ్వి గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

స్కాట్లండ్‌లో స్పే నది ఒడ్డున, విస్కీ కాచే ఆ డిస్టిలరీలో పీపాల తీర్పు అతనిది. స్పెయిన్‌లో షెర్రీ వైను నింపి ఖాళీ చేసిన పీపాలు ఇక్కడికి వస్తాయి. వాటిలో విస్కీ ఏళ్ల తరబడి ఉంటుంది. ఏది సీసాలకెత్తాలో, ఏది ఇంకా ఉంచాలో ఫర్కర్ చెబుతాడు. ముక్కుతోనే చెబుతాడు. అవసరమైతే నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్లో ఉమ్మేస్తాడు. మూడేళ్లుగా చుక్క మింగలేదు.

ఎందుకని ఊళ్లో ఎవరూ అడగరు. మూడేళ్ల కిందట వాళ్లింటి ముందు అంబులెన్సు ఆగింది. ఇంకొక్క గుక్క దిగినా కాలేయం నిలవదని డాక్టరు చెప్పాడు. భార్యాభర్తలిద్దరూ విన్నారు. అప్పటినుంచి ఫర్కర్ గ్లాసు పట్టిన ప్రతి చోటా ఎల్స్‌పెత్ ఉంటుంది.

"ఎండుద్రాక్ష," అన్నాడు ఫర్కర్. "దాని వెనక అక్రోటు. ఆ తర్వాత నారింజ తొక్క. నీళ్లు ఒక్క చుక్క కలిపి చూడండి. చుక్కంటే చుక్కే, కుమ్మరించకండి."

"నాకు మా అమ్మమ్మ చేసే క్రిస్మస్ కేకు తగులుతోంది," అంది డండీ నుంచి వచ్చినామె.

"నాకు పాత బూట్లు," అన్నాడు లోగన్.

"తప్పేం కాదు. తోలు వాసన ఉంది. నీలో ముక్కొక్కటి ఇంకా పనిచేస్తోంది."

అందరికీ విస్కీ పోస్తున్న నెటా ట్రే పట్టుకుని ఎల్స్‌పెత్ దగ్గరికి వచ్చింది. నెటా ఈ నెలే పనిలో చేరింది.

"నువ్వు తీసుకోవేం తల్లీ?"

"కారు నడపాలి."

"అయితే ఇదిగో." నెటా బొటనవేలంత సీసా ఆమె ఒళ్లో పెట్టింది. కారు నడిపేవాళ్ల వాటా ఇలా సీసాలో పోసి ఇవ్వడం ఇక్కడ రివాజు. ఇంటికెళ్లి తాగుతారు. "మీ ఆయన కంట పడనివ్వకు," అని గొంతు తగ్గించి చెప్పి వెళ్లింది.

ఎల్స్‌పెత్ సీసాను కోటు జేబులో వేసుకుంది. ఫర్కర్ కళ్లు మూసుకుని వాసన చూస్తున్నాడు.

ఆఖరి పీపా ముప్పై ఒక్క ఏళ్లది.

"మీ నాన్న నింపిన పీపా కదయ్యా," అన్నాడు లోగన్. "దీన్ని కూడా ఉమ్మేస్తావా? ఒక్క గుక్క మింగు. ఆవిడేమీ అనదులే. ఏమ్మా, అంటావా?"

అందరూ తలుపు వైపు తిరిగారు. ఎల్స్‌పెత్ పెదాలు తడుపుకుంది.

"నాకు ఊపిరాడటం లేదు. కాస్త బయట నిలబడతాను," అని లేచింది.

"ఎల్స్‌పెత్, ఆగు," అన్నాడు ఫర్కర్. గ్లాసు చేతిలో ఉంది. అతిథులు చుట్టూ ఉన్నారు. తలుపు మూసుకుంది.

"కాపలా పోయింది. ఇంకేం, కానియ్," అన్నాడు లోగన్.

ఫర్కర్ విస్కీ నోట్లో పోసుకున్నాడు. అందరూ అతని గొంతు వైపు చూశారు. అతను తలుపు వైపు చూశాడు. తర్వాత బకెట్ మీదికి వంగి మొత్తం ఉమ్మేశాడు.

లోగన్ తల పట్టుకున్నాడు. "ముప్పై ఒక్క ఏళ్లు! మీ నాన్న ఉంటే తన్నేవాడు."

"తన్నేవాడే," అన్నాడు ఫర్కర్. పీపా ఎలా ఉందో చెప్పలేదు. కోటు తీసుకుని బయటికి నడిచాడు.

వాన మొదలైంది. ఎల్స్‌పెత్ కారు పక్కన నిలబడి ఉంది.

"ఉమ్మేశాను," అన్నాడు.

"తెలుసు."

ఇద్దరూ కారెక్కారు. ఎప్పటిలాగే స్టీరింగు ముందు ఫర్కర్ కూర్చున్నాడు. అతను తాళం పెట్టాడు కానీ తిప్పలేదు. ఆమె ముఖం కిటికీ వైపు ఉంది.

"ఇటు తిరుగు."

"ఇవాళ వద్దు, ఫర్కర్."

"తిరుగు."

మూడేళ్లుగా రోజూ చేసినట్టే ఆమె నోరు తెరిచి అతని ముఖం మీద ఊపిరి వదిలింది. ఎండుద్రాక్ష, దాని వెనక అక్రోటు. ఫర్కర్‌కు రెండోసారి వాసన చూడాల్సిన పని లేకపోయింది.