ఒక్క టాకో మనిషి

గ్రిసెల్దా కత్తి పట్టుకునే రోడ్డు దాటింది.

మాంసం చెక్కే పొడుగాటి కత్తి. అది చేతిలో ఉందన్న ధ్యాస కూడా ఆమెకు లేదు. ఎదురుగా ఫెర్మిన్ బండి దగ్గర తింటున్నవాళ్ళు మాత్రం చూసి, ప్లేట్లతో సహా పక్కకు జరిగారు.

"నా మాంసం గురించి జనానికి ఏం చెప్పావు?"

ఫెర్మిన్ పెనం మీద రొట్టెలు తిప్పడం ఆపలేదు.

"ముందు ఆ కత్తి దించు తల్లీ. తినేవాళ్ళు జడుసుకుంటున్నారు."

"కుక్క మాంసమని చెప్పావా? పురుగులున్నాయన్నావా?"

ఫెర్మిన్ కన్నతల్లి మీద ఒట్టేశాడు. గ్వాదలూపే మాత మీద ఒట్టేశాడు. తనకూ ఏమీ అంతుబట్టడం లేదన్నాడు. వారం నుంచి టాక్సీలు వరసపెట్టి వచ్చి తన ముందే ఆగుతున్నాయట. దిగి ఆకలంటున్నవాళ్ళని ఎదురు బండికి పొమ్మనడానికి తానేమన్నా మహాత్ముడినా అని నవ్వాడు.

ఆ నవ్వు ఆమె ఒంట్లో పచ్చిమిరప కారంలా పాకింది.

తిరిగి వచ్చేసరికి తన బండి ముందు అదే ఖాళీ. నిలువు ఊచకు గుచ్చిన పంది మాంసం మంట పక్కన తిరుగుతూనే ఉంది. ఊచ కొసన అనాసకాయ ఒక పక్క నల్లబడింది. తమ్ముడు నాబోర్, ప్లేట్లకు తొడిగిన ప్లాస్టిక్ సంచుల్ని ఊరికే సవరిస్తున్నాడు.

బండ్లవాళ్ళ నాయకురాలు మళ్ళీ కబురంపిందని చెప్పాడు. దోక్తోరెస్ పేటలో ఏ మూల ఎవరి బండి నిలబడాలో తేల్చేది ఆవిడే. జనం రాని బండికి మూల దండగని ఆవిడ మాట. ఈ రాత్రి కూడా మాంసం ఇలాగే మిగిలిపోతే, తెల్లారేసరికి ఇక్కడ పళ్ళరసం బండి ఉంటుంది.

ఈ మూల వాళ్ళమ్మ సంపాదించి పెట్టింది. ఇది పోతే గ్రిసెల్దాకు మరో మూల లేదు.

ఆమె ఒక చోట నిలవలేకపోయింది. బండి చుట్టూ తిరిగింది. ఉల్లిపాయల గిన్నె మూత తీసింది, మళ్ళీ పెట్టింది. శుభ్రంగా ఉన్న బల్లనే ఇంకోసారి తుడిచింది.

"ఫెర్మిన్ కాకపోతే ఎవర్రా?"

నాబోర్ పెదవి విరిచాడు.

అప్పుడు ఆమెకు ఆ ముసలాయన గుర్తొచ్చాడు.

రోజూ రాత్రి వచ్చేవాడు. మాంసం చుట్టిన రొట్టె, ఒక్క టాకో తీసుకునేవాడు. రొట్టె విప్పి చూసేవాడు, వాసన పీల్చేవాడు, పచ్చడి నాలిక్కి రాసుకుని కళ్ళు మూసుకునేవాడు. బాగుందని గానీ బాగాలేదని గానీ ఒక్క మాట ఉండేది కాదు. మూతి తుడుచుకుని పోయేవాడు.

పోయిన శనివారం జనం తోసుకుంటున్నారు. ఆయన మాత్రం తీరిగ్గా రొట్టె విప్పుతున్నాడు. గ్రిసెల్దాకు ఒళ్ళు మండి, నోట పెట్టుకోకముందే ప్లేటు లాగేసుకుంది.

"ఒక్క టాకోకి ఇంత తనిఖీ ఏంటి పెద్దాయనా? ఆకలున్నవాళ్ళకి చోటివ్వు. ఇంకెప్పుడూ ఇటు రాకు."

జనం నవ్వారు. ఆయన టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచే బండి బోసిపోయింది.

"వాడేరా," అంది గ్రిసెల్దా. "కక్షకొద్దీ ఊరంతా చాటుంటాడు. వాడు దొరకాలి నాకు."



అంతలో ఒక టాక్సీ మలుపు తిరిగింది. పోతున్నది ఫెర్మిన్ బండి వైపే. గ్రిసెల్దా రోడ్డు మధ్యకు ఉరికింది. బ్రేకులు కీచుమన్నాయి. డ్రైవరు అద్దం దించి, చావడానికి తన కారే దొరికిందా అని కసిరాడు.

ఆమె ఆ ముఖం గుర్తుపట్టింది.

"మొన్నటిదాకా జనాన్ని నా దగ్గరికే తెచ్చేవాడివి. నా బండి గురించి నీకెవరేం చెప్పారు?"

డ్రైవరు కత్తి వంక చూసి గొంతు తగ్గించాడు. చెడ్డగా ఎవరూ ఏమీ చెప్పలేదన్నాడు. అర్ధరాత్రి టాక్సీ ఎక్కినవాళ్ళు చవగ్గా మంచి తిండి ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. డ్రైవర్లు అదే ప్రశ్న రేడియోలో తమ ఆఫీసుని అడుగుతారు. అక్కడ రాత్రి డ్యూటీలో ఉండే మనిషి జవాబిస్తాడు. ఆయన ముఖం డ్రైవర్లకు తెలియదు, గొంతే తెలుసు. ఆ గొంతు ఏళ్ళ తరబడి చెప్పింది ఒకటే పేరు, గ్రిసెల్దా బండి.

కత్తి మెల్లగా కిందికి దిగింది.

"మరి ఇప్పుడేమైంది?"

"ఆయనకో పట్టింపు ఉందమ్మా. ఆ రాత్రి తాను తిని చూడని బండి పేరు ఛస్తే చెప్పడు. శనివారం మేం అడిగితే, 'ఇవాళ నేనక్కడ తినలేదు, నన్ను తిననివ్వలేదు' అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఫెర్మిన్ దగ్గర తిని ఆ పేరు చెప్పాడు."

గ్రిసెల్దా గబగబా ఒక ప్లేటు తీసింది. ఆ మనిషి దగ్గరికి ఇప్పుడే తీసుకెళ్ళమంది. తన చేత్తో తినిపిస్తానంది.

డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక రేడియోతో పనిలేదని నిన్నటితో ఆఫీసు మూసేశారు. ఆయన రేడియోలోనే అందరికీ సెలవు చెప్పి సొంతూరు వెళ్ళిపోయాడు. ఏ ఊరో ఎవరూ అడగలేదు.

టాక్సీ కదిలిపోయింది.

గ్రిసెల్దా ప్లేటు పట్టుకునే వెనక్కి తిరిగింది.

"ఆయన్ని తిననివ్వనిది ఎవర్రా? పేరు చెప్పు నాకు."

నాబోర్ మంట ఆర్పేశాడు. తిరుగుతున్న ఊచ ఆగింది.

"రోజూ ఒక్క టాకో తిని చూసి, ఊళ్ళో ఆకలినంతా మన దగ్గరికి పంపిన ఆ పెద్దాయన్ని తరిమింది నువ్వే, అక్కా."