డబ్బాకు నచ్చిన ఎంకవ్వ

ఇప్పుడు ప్రతి లారీల అడ్డాలోనూ సర్కారు కండోమ్ డబ్బా ఉంది. అది ముందు నోటి వాసన చూస్తుంది. మందు వాసన తగిలితే తలుపు తీయదు, ఉపన్యాసం మొదలెడుతుంది.

"అక్కా, మీరు తాగి ఉన్నారు. తాగినవారికి జాగ్రత్త తక్కువ. మత్తు దిగాక రండి."

"జాగ్రత్త కోసమే గదనే వచ్చింది!" బాలామణి డబ్బాను ఒక్క తన్ను తన్నింది. "తాగకుంటే ఆ లారీ ఎక్కబుద్దయితదా? గిరాకి ఆడ నిలబడ్డడు. ఎయిడ్స్ అంటుకునేది నాకు, నీకు గాదు!"

"మంచినీళ్లు తాగండి," అంది డబ్బా.

చేసేది లేక బాలామణి, ఎప్పటిలాగే, అడ్డాలో మందు ముట్టని ఒకే ఒక్క మనిషిని పిలిచింది. ఎనభై ఏళ్ల ఎంకవ్వ మక్కకంకులు కాల్చడం ఆపి లేచింది.

"మీకు ఊదీ ఊదీ నా బొగ్గులకు ఊపిరి మిగుల్తలేదు బిడ్డా," అంటూ డబ్బా మీదికి ఊదింది. తలుపు తెరుచుకుంది. బాలామణి పిడికెడు తీసుకుని లారీ వైపు పరుగెత్తింది.

డబ్బా ఎంకవ్వను వదల్లేదు. "అవ్వా, ఈ నెల జిల్లాలో అందరికంటే ఎక్కువ వాడింది మీరే. అభినందనలు. రేపు డాక్టరమ్మ వచ్చి, కొంచెం తగ్గించుకోమని చెబుతారు."

"రానీ," అంది ఎంకవ్వ. "తాగని మనిషైతే ఈడనే కూసోబెడత. రేపటి సంది ఊదుడు ఆమెకే."