ట్యాంకు మీద అంకె

"వదినా, నిజం చెప్పు. బండికేం చేశావ్?"

పాడుబడ్డ రన్‌వే చివర, మంచు ఇంకా విడవని పొద్దులో, మరిది బండి పక్కన గొంతుకూర్చుని అడిగాడు. సన్నగా, ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడని రేసుల వాళ్లంతా అతన్ని తూనీగ అంటారు. వదిన పనిముట్ల పెట్టె మీద దర్జాగా కూర్చుని, ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని ఊదుకుంటోంది. వాచీలు బాగుచేసే మనిషి. అతని బండిని బాగుచేసేదీ ఆవిడే.

"చేశాను. నిన్న సాయంత్రమంతా కూర్చుని చేశాను. కార్బొరేటరు విప్పి కడిగాను, చైను మార్చాను. తప్పా?"

"ఈసారి ఓడితే బండి నాదన్నావుగా మరి!"

"అన్నాను. నువ్వూ సరేనన్నావు. ఏం, భయమేస్తోందా మరిదిగారూ?"

భయమే. బండి పోతే తూనీగకి ప్రాణం పోయినట్టే. ఆవిడ చేతికి చిక్కితే అమ్మేయడం ఖాయం. ముందుగదిలో సోఫా ఉండాల్సిన చోట ఇది నిలబడి నేలంతా నూనె కారుస్తోందని, ఇంటికొచ్చిన వాళ్లని దీని మీద కూర్చోబెట్టనా అని ఆవిడ దెప్పని రోజు లేదు. అలాంటి మనిషి పందెం ముందురోజు బండికి సేవలు చేసిందంటే ఎవరు నమ్ముతారు?

అనుమానం పెనుభూతం అన్నారు కదా. ప్లగ్గు విప్పి చూశాడు. చైను లాగి చూశాడు. పెట్రోలు వేలికి రాసుకుని వాసన కూడా చూశాడు. ఎక్కడా వంక లేదు.

"పెట్టెలోంచి చిన్న పానా ఇవ్వు."

"లేవలేను, నడుం పట్టేసింది. సంచిలో ఇంకోటుంది, తీసుకో."

"పెట్టె తెరవనివ్వవేం? బండిలోంచి ఏం పీకి దాచావ్?"

"నీ బుర్ర దాచాను. వెళ్లు, పిలుస్తున్నారు."

ఈ పందెంలో ఓ మెలిక ఉంది. గీత దాటడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఎవరికి వారు ముందే సుద్దముక్కతో ట్యాంకు మీద రాయాలి. ఎక్కువ రాసుకున్నవాడికి ఆ తేడా మేరకు పచ్చదీపం ముందు వెలుగుతుంది. అలాగని తెలివికి పోతే కుదరదు. రాసినదానికన్నా తక్కువలో దాటితే ఓడినట్టే. అంచేత ఇక్కడ దూకే బండి కన్నా మాట మీద నిలబడే బండి గొప్ప. తూనీగ బండి అలాంటిదే. ఎప్పుడూ పదిహేనే.

పదిహేను అని రాశాడు.

"పాత అంకేనా? ఓసారి ఆలోచించుకో అబ్బాయ్" అంది వదిన.

"ఆలోచించేదేముంది? నువ్వేమీ పీకకపోతే పదిహేనే."

ఆవిడ మూతలో మిగిలిన టీ తాగేసింది.

పక్కనే, అతనితో పోటీకి దిగిన బేకరీ ఆయన ఎర్రబండి గుర్రుమంటోంది. పచ్చదీపం ముందు తూనీగకే వెలిగింది. క్లచ్చు వదిలాడు.

మొదటి గేరులో చెవులు పగిలే చప్పుడు. రెండో గేరుకి ఆ చప్పుడు ఎక్కడో వెనకబడిపోయింది. మూడో గేరుకి ఇక ఏమీ లేదు. మంచు తెల్లగా విడిపోతూ దారి ఇస్తోంది. చక్రాలు నేలకి తగులుతున్నాయో లేదో తెలియడం లేదు. నిద్రలో మెట్ల మీంచి దూకి, కింద పడకుండా అలా తేలిపోతూ ఉంటామే, అచ్చం అలాగే ఉంది. పందెం మరిచిపోయాడు, అనుమానం మరిచిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయ్యో, ఇంత హాయినిచ్చిన మనిషిని పట్టుకుని ఎంతెంత మాటలన్నాను అనుకున్నాడు. ఈ దారి అయిపోకుండా ఉంటే బాగుండుననిపించింది.

అయిపోయింది. వెనక్కి చూస్తే ఎర్రబండి ఇంకా మంచులోనే ఉంది. తూనీగ చెయ్యెత్తి కేకపెట్టాడు. కానీ గెలుపు దీపం వెలిగింది ఎర్రబండి వైపు!

"తాతా, కళ్లజోడు తుడుచుకో! ముందొచ్చింది నేను!" దీపాలు చూసే పెద్దాయన మీదికి వెళ్లాడు.

"ముందే వచ్చావు నాయనా. మరీ ముందొచ్చావు. రాసింది పదిహేను, వచ్చింది పద్నాలుగున్నర. నీ బండికి ఈ పరుగు ఎవరు నేర్పారయ్యా?" అని, పెద్దాయన మైకు అందుకున్నాడు. "తర్వాతి వరుసకి పేర్లిచ్చేవాళ్లు రావాలి!"

ఎవరు నేర్పారో తూనీగకి అప్పుడు వెలిగింది. బండి నెట్టుకుంటూ వదిన దగ్గరికొచ్చాడు. ఏడవాలో నవ్వాలో తెలియడం లేదు.

"పాడుచేసి ఓడిస్తావనుకున్నాను. బాగుచేసి ఓడించావు కదే వదినా!"

"పాడుచెయ్యడానికి చేతులు రావొద్దూ? అంకె ఆలోచించుకోమని చెప్పాను. విన్నావా?"

మాటంటే మాటే. తాళంచెవి తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని గట్టిగా పట్టుకుని, మంచు పలచబడుతున్న దారి వైపు చూస్తూ నెమ్మదిగా అడిగింది.

"ఎలా ఉందిరా అక్కడ?"

"ఏమని చెప్పను? నేలే లేదు వదినా."

"అవునా..." ఆవిడ కళ్లు చంటిపిల్ల కళ్లలా విచ్చుకున్నాయి.

"ఎవరికి అమ్ముకుంటావో అమ్ముకో. దాన్ని బాగా చూసుకునేవాడికివ్వు, అంతే" అన్నాడు తూనీగ.

"అమ్ముతానని నేనెప్పుడైనా అన్నానా?"

పొద్దుటినుంచీ కదలని మనిషి చటుక్కున లేచి, వంగి, పెట్టె మూత తీసింది. లోపల పానా ఒక్కటీ లేదు. తువ్వాలు మడతల మధ్య, ఆవిడ తలకి కొలత చూసి కొన్న కొత్త హెల్మెట్ ఉంది.