వెనకబడ్డ పిల్ల

“మూడు నెల్లుగా మా పిల్లని వెనకబడ్డవాళ్ళ గదిలో కూర్చోబెట్టారా? చుట్టాలకి నా మొహం ఎలా చూపించను?” అంటూ ఫిర్యాదు కాగితాన్ని హెడ్మాస్టరు బల్ల మీద పెట్టింది తల్లి.

“పరీక్షలో నాలుగు మాటలు కూడా చదవలేకపోయిందమ్మా,” అన్నాడాయన.

పక్కనే ఉన్న మూడో తరగతి కూతురు ఆ కాగితం అందుకుని, “సదరు ఉపాధ్యాయుల నిర్లక్ష్య వైఖరి వల్ల” దగ్గర్నుంచి సంతకం దాకా గడగడా చదివేసింది.

తల్లి మొహం వెలిగిపోయింది. హెడ్మాస్టరు మొహం అంతకంటే వెలిగింది.

“చూశారా, వెనకబడ్డవాళ్ళని విడిగా కూర్చోబెట్టి చదివించే మా పథకం ఎంత బాగా పనిచేసిందో. ఇది రిపోర్టులో రాయాల్సిందే. రేపట్నుంచి పిల్లని చురుకైనవాళ్ళ గదికి పంపిద్దాం.”

“నేను పోను,” అంది పిల్ల. “అక్కడ లావుపాటి పుస్తకం చేతిలో పెట్టి, నోరు మూసుకుని చదువుకోమంటారు. ఇక్కడైతే టీచరు పక్కన కూర్చుని వింటుంది. అందుకే పరీక్షలో కావాలని తప్పులు చదివా.”

“వినడానికి ఇంట్లో నేను లేనూ?” అంది తల్లి.

“మొన్న నీకు కథ చదివానుగా అమ్మా. ఫోన్ చూసుకుంటూ ‘ఊఁ’ అన్నావు. మధ్యలో రాజుగారికి తోక మొలిచిందని కల్పించి చదివా. దానికీ ‘ఊఁ’ అన్నావు.”

హెడ్మాస్టరు అప్పటికే రిపోర్టులో సగం పేజీ నింపేశాడు.

“అది కొట్టేయండి సార్,” అంది తల్లి. “మా పిల్లకి ఇంకా చదవడం రాదు.”