ఎడమ పక్క అరంగుళం

"ఓలమ్మో, ఆ హుక్కెట్టకండే! ఊపిరాడతం లేదు!"

నూకరత్నం అరుపుకి జ్ఞానకుమారి కుట్టు షాపులో కర్టెను ఊగింది. వెనకాలే అచ్చియ్యమ్మ బయటికొచ్చింది, ఎడమ చెయ్యి దించలేక, ఆటో ఆపుతున్నదానిలా పైకెత్తి పట్టుకుని. ఆ వెనక రేవతి. ఆవిడదీ ఎడమ చెయ్యే.

ఆదివారం చర్చిలో స్త్రీల సమాజం వార్షికోత్సవం. పన్నెండు మందికీ ఒకే రంగు చీరలు, ఒకే రంగు జాకెట్లు. కొలతల ఆది కోసం ఎవరి పాత జాకెట్టు వాళ్ళు బుధవారమే తెచ్చి ఇచ్చారు. తీరా శనివారం పొద్దున్న తొడిగి చూసుకుంటే, పదకొండు జాకెట్లు ఎడమ పక్క పట్టేశాయి.

"నాకు బాగానే ఉందప్పా," అంది మంగాయమ్మ మూల నుంచి, పైట సర్దుకుంటూ. ఆవిడ ఎక్కడున్నా మూలనే ఉంటుంది.

"కళ్ళు మసకలొచ్చేయేటి కుమారక్కా?" నూకరత్నం కుడి చెయ్యి నడుం మీద వేసింది. ఎడమది దిగితే కదా!

జ్ఞానకుమారి అసలే పిరికి ప్రాణం. కూతురు డెబోరా ఫోనెత్తకపోతే బస్సు బోల్తా పడిందనుకుంటుంది. పక్కింటాయన తుమ్మితే మాస్కు వెతుక్కుంటుంది. చదివింది ఏడో తరగతే అయినా, మందు సీసాల మీది హెచ్చరికలు మాత్రం చివరి అక్షరం దాకా చదువుతుంది. బుధవారం నుంచి ఆవిడకి అన్నం కూడా సయించడం లేదు.

"నా కత్తెర తప్పలేదే," అంది. "ఎడమ పక్క తేడా అంటే నాకు భయంగా ఉంది. ఇయాల ఆసుపత్రిలో రొమ్ము కేన్సరు పరీచ్చలు సేస్తన్నారు. మా డెబోరా అక్కడే ఉంది. ఓసారి సూపించేసుకోండి."

అందరూ ఒక్కసారిగా నవ్విన నవ్వుకి రేవతి హుక్కు టప్పున తెగి కుట్టు మిషను మీద పడింది.

"జాకెట్టు సెడగొట్టి కేన్సరంటావేటే!" అచ్చియ్యమ్మ వాళ్ళందరిలో పెద్దది. "రేపు లంగా బిగిసిందంటే కడుపులో గడ్డంటావా?"

జ్ఞానకుమారి నవ్వలేదు. డెబోరా నర్సు. పోయిన వారం పక్కూరు వడ్డాదిలో ఇదే పరీక్షలకి రోజంతా కూర్చుంటే వచ్చింది నలుగురు. "ఒక్కదాన్ని పేరెట్టి పిలిస్తే రాదమ్మా," అని బుధవారం సాయంత్రం కూతురు వాపోయింది. "దానికేదో ఉందంట అని ఊరంతా వేలెట్టి సూపిస్తాది. పదిమంది కలిసొస్తే ఎవరూ ఏటీ అనరు."

"సరే, పందెం!" నూకరత్నం ముందుకొచ్చింది. "ఇప్పుడే ఎల్తాం. ఎవరికీ ఏటీ లేదని తేలితే జాకెట్లన్నీ ఊరికే బాగుసెయ్యాలి. బయట లేడీస్ టైలరన్న బోర్డు పీకెయ్యాలి."

"పీకేస్తాను. కానీ పన్నెండు మందీ ఎల్లాలి. ఒక్కరు తగ్గినా పందెం లేదు."

మంగాయమ్మ అప్పటికే గుమ్మం వైపు జరుగుతోంది. "నాది సరిపోయింది కదప్పా, నేనెందుకు?"

"నీ ఒక్కదాని కోసం పందెం పోవాలేటి? ఎక్కవే!" అచ్చియ్యమ్మ రెక్క పట్టుకుని ఆటోలో కూలేసింది.

మూడు ఆటోలు. సగం హుక్కులు, నిండు పైటలు, గొంతెత్తి సమాజం పాట. జంక్షన్లో చెరుకు ట్రాక్టరు అడ్డమొస్తే, అచ్చియ్యమ్మ పాట ఆపి నాలుగు తిట్లు తిట్టి, ఆపిన చోటునుంచే మళ్ళీ అందుకుంది.

ఆసుపత్రిలో ఖాళీ కుర్చీల మధ్య కూర్చున్న డెబోరా లేచి నిలబడింది. "అమ్మా, ఏటిది? పెళ్ళివారా?"

లోపల ఆడ డాక్టరే ఉందని తెలిసేసరికి అందరికీ ధైర్యం వచ్చింది. ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్ళడం, పదో తరగతి పిల్లల్లా బయటికి గెంతడం.

"పాసు!" అంది రేవతి.

"ఫస్టు క్లాసు!" అంది అచ్చియ్యమ్మ.

ఖాళీగా ఉన్నావని జ్ఞానకుమారినీ లోపలికి తోశారు. ఆవిడకి రొమ్ములో ఏమీ లేదు కానీ బీపీ నూట డెబ్బై. నూకరత్నం అప్పుడే బోర్డు పీకడానికి ఆటో డ్రైవరుని స్క్రూడ్రైవరు అడుగుతోంది.

ఆఖరున మంగాయమ్మ వెళ్ళింది. ఐదు నిమిషాలు. పది. తెర తెరుచుకోలేదు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

డాక్టరమ్మ మంగాయమ్మని బయటికి తీసుకొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "చిన్న ఉసిరికాయంత గడ్డ ఉంది. విశాఖలో పరీక్ష చేయిద్దాం. ఒకవేళ కేన్సరే అయినా ఈ దశలో నయం చేస్తాం. ఇంకో ఏడాది దాచుకుని ఉంటే వేరే మాట."

మంగాయమ్మ ఏడ్చింది. పదకొండు మందీ ఆవిడ మీద పడి ఏడ్చారు. అంతలో నూకరత్నం ముక్కు చీదింది.

"సోమారం అందరం ఎల్దాం. విశాఖ బస్సులో సగం సీట్లు మనవే. నువ్వు కిటికీ పక్కన కూకోవే మంగా!"

మంగాయమ్మ ఏడుపులోనే నవ్వేసింది. ఇంకేముంది, మళ్ళీ గోల మొదలైంది.

"అయినా కుమారక్కా, బిగిసినోళ్ళకేటీ లేదు, సరిపోయినదానికే ఉందంట! నీ భయానికి తలా తోకా లేదు," అంది నూకరత్నం.

"అవునే, నాదంతా పిచ్చి భయం," జ్ఞానకుమారి ఒప్పేసుకుంది. "షాపుకెల్లగానే ఆ జాకెట్లిప్పి ఇలా పడేయండి. సందేళకి బాగుసేసిస్తాను."

షాపుకొచ్చి, గురువారం తన చేత్తో తనే కావాలని బిగించిన పదకొండు ఎడమ కుట్లూ ఒక్కొక్కటే విప్పింది జ్ఞానకుమారి, మంగాయమ్మ తెచ్చిన పాత జాకెట్టుకి ఎడమ పక్క కుట్టొక్కటే ఊడదీసి, వంకరటింకర చేతికుట్టుతో అరంగుళం వదులు చేసి ఉండటం బుధవారమే పట్టేసిన ఆ మసక కళ్ళతోనే.